దుబాయి పైపుకు సూది బొక్క

పైపుకు బొక్క కనపడ్డదంటె నా చేతులు ఊకుండయి. ఎవలింటికి పోయినా, నల్లా కాడ చుక్క కారుతుంటె ముచ్చట ఇడిసిపెట్టి దాని దిక్కే చూస్త. "ఏందక్కా గట్ల చూస్తున్నవ్" అంటరు. ఏం లేదంట. ఏం లేకుంట ఎట్లుంటది? ఒక్క సూది బొక్క మూసిన పాపానికి నా సంసారం ఎండిపోయింది. నవ్వుతె నవ్వుండ్రి, నేను జరిగిందే చెప్తున్న.

నేను పుట్టింది రాయికల్ కాడ ఒక పల్లె. బాపుకు మేం ఇద్దరం బిడ్డలమే. అక్క ఇంటిపని మరిగింది, నేను బాయిపని మరిగిన. బాపు మోటరు కాడికి పోతె ఎంబడి నేనే. బాయిల నుంచి నీళ్లు గుంజే పైపు ఉంటది గద, దానికి సూది మొనంత బొక్క పడ్డదనుకో, గాలి గుంజుతది. ఇగ మోటరు ఊకె ఒర్రుతది గాని చుక్క నీళ్లు ఎక్కయి. పొలం నెర్రెలు వాస్తది. గా బొక్క కంటికి ఆనదు. బాపు నాతోని పైపు పొడుగూత బురద పూయించేటోడు. ఎక్కడ బురద లోపటికి గుంజుకపోతె గక్కడ బొక్క ఉన్నట్టు. ఇగ పాత సైకిలు ట్యూబును పట్టీలు కోసి, ఒక కొస పండ్లతోని పట్టుకుని, మెడ నరాలు తేలేదాక గుంజి గుంజి చుట్టాలె. "బిడ్డా, పైపుకు బొక్క, ఇంటికి లొల్లి, చిన్నగున్నప్పుడే మూయాలె" అంటుండె. నేను చుట్టిన పట్టీ ఎన్నడు ఊడలే. మొగపిల్లగాడు లేకుంటేంది, నా బిడ్డ ఉన్నది అని బాపు పదిమందిల చెప్పుకునేటోడు. గా పొగడ్తతోనే నేను ఆగమైన.

నన్ను కోరుట్లకు ఇచ్చిండ్రు. పెండ్లైన మూన్నెల్లకే ఆయిన దుబాయి పోయిండు. రెండేండ్లకోపాలి అచ్చి రెండు నెల్లుండి పోయేటోడు. ఐదేండ్ల పెండ్లిల మేం కలిసున్నది ఏడు నెల్లు. అత్త ఆయిన అన్న, మా బావతోని పక్క వాడల ఉండేది. నేను రెండర్రల ఇంట్ల ఒక్కదాన్నే. "ఇంక ఏం లేదానే" అని పిల్లల ముచ్చట అడిగేటోళ్లు అడుగుతనే ఉండిరి. మాటలు నింపి పంపే టేపులల్ల పిల్లలు పుడుతరా? నోటికి అచ్చేది, మింగేదాన్ని.

గవి నక్సలైటు అన్నల దినాలు. పొద్దు గూకంగనె మా వాడల తలుపులు పడేటియి. గోడల మీద ఎర్ర రాతలు పొద్దున కనపడేటియి, పోలీసులచ్చి సున్నం పూయించేటోళ్లు, మల్ల నాలుగు దినాలకు కనపడేటియి. ఒక్కదాన్ని ఉంటున్ననని నాకు ఇంకింత భయం. అంగట్ల ఇంత ఎక్కువ కూరగాయ కొన్నా, ఎవలికి వండిపెడుతుందో అని చూసేటోళ్లు ఉండిరి. అందుకే పావుశేరు కొంటుంటి. తలుపులేసుకుని కూసుంటె గోడ మీది బల్లితోని మాట్లాడేదాన్ని. గది సుత జవాబియ్యకుంట పోయేది.

ఉత్తరాలు మాకు అలవాటు లేకుండె. ఆయినకు రాసుడు రాదు, నాకు సదువుడు రాదు. దుబాయికి పోయేటోని చేతిల టేపు పంపుతుంటిమి, అచ్చేటోని చేతిల టేపు అచ్చేది. నేను ఒక్కదాన్నే ఇంటానంటె కుదరదు. టేపు అచ్చిందంటె అత్త, బావ, బావ పెండ్లాం మా యారాలు, పక్కింటోళ్లు, అందరు చాప మీద కూసుండాలె. గప్పుడే మీట ఒత్తాలె. మేం మల్ల టేపు నింపేటప్పుడు సుత గంతే, అందరు చుట్టు ఉంటరు, ఒకల తర్వాత ఒకలు మాట్లాడాలె. గందుకు ఆయిన నాకేమన్న చెప్పాలంటె ఏం చెప్తడు? "జర పెయ్యి పైలం" అంటడు, పానం మంచిగ చూసుకో అని. నేనేమంట? "గట్లనే, నువ్వు సుత" అంట. గీ రెండు మాటల కోసం రెండు నెల్లు ఎదురుచూసుడు.

ఆయిన దుబాయిల ఒక పెద్ద హోటల్ల పని చేసేటోడు. వంట పని కాదు, ఊడ్చే పని కాదు. గక్కడ అద్దాల తొట్లల్ల చేపలను సాదుతరట. గా తొట్లు కడుగుడు, నీళ్లు మార్చుడు, పైపులు చూసుడు ఆయిన పని. అత్తకు గిది ఎన్నడు సమజ్ కాలే. "చేపలను తింటరు గాని సాదుతరా ఎవలన్న" అని మూతి తిప్పేది. రెండోపాలి ఇంటికి అచ్చినప్పుడు ఆయిన పెట్టెల ఒక చిన్న మోటరు, తెల్ల పైపులు తెచ్చిండు. బంగారం తెస్తడనుకున్న యారాలు మొఖం మాడింది. నాకైతె పైపులు చూసి పానం లేచచ్చింది. మాకు ఇద్దరికి తెలిసిన ఇద్య ఒక్కటన్న ఉన్నదనుకున్న.

జగిత్యాలల అద్దం కోపిచ్చి తొట్టి చేసిండు. ఇనుప బల్ల మీద తొట్టి, బల్ల కింద ప్లాస్టిక్ టబ్బు. తొట్టి నిండితె మీది నీళ్లు ఒక మూల నుంచి కింద టబ్బులకు జారుతయి. టబ్బుల స్పంజి, గులకరాళ్లు ఉంటయి, గండ్ల మడ్డి ఆగుతది. టబ్బుల మోటరు గా నీళ్లను పైపుల నుంచి మల్ల మీద తొట్టిలకు ఎక్కిస్తది. పైపు తొట్టి అంచు మీది నుంచి వంగి, అడుగున్న రాళ్ల దాక దిగుతది. గిట్ల కిందికి మీదికి నీళ్లు తిరుగుతనే ఉంటయి. హైదరాబాదు నుంచి ఆరు ఎర్ర చేపలు బస్సుల అచ్చినయి. మా వాడ వాడంత అచ్చి చూసిపోయింది.

తొట్టి నడిచిన నాడు ఆయిన స్విచ్చి బంద్ చేసిండు. "చూడు" అన్నడు. మోటరు ఆగింది. తొట్టిల నీళ్లు రెండు వేళ్ల మందం దిగినయి, దిగి, పైపు ఒక్కసారి గుర్రుమని ఆగింది. నీళ్లు సుత ఆగినయి. "గంతే" అన్నడు, మస్తు ఖుషీగ. ఏం గంతేనో నాకు తెల్వలే. అడుగుదమనుకున్న. అత్త, బావ ఎదురుంగ ఉండిరి. మొగనితోని అందరి ముంగట ఎక్కువ మాట్లాడుతె బాగుండదని నోరు మూసుకున్న. గా ఒక్కసారి నోరు తెరిస్తె అయిపోయేది.

పోయే ముందటి దినం కొట్టుగదిల సామాన్లు సదురుకుంట నాతోని అన్నడు, "ఇగో, ఇను. గీ చేపలు ఆరు నెల్లు బతకనీ. మన కరెంటుకు, మన ఎండకు ఆగితె గీ పని ఇక్కడ నడుస్తదన్నట్టు. జగిత్యాలల దుకాణం పెడుదం. నేను ఇగ మల్ల పోను."

"నిజమేనా?" అన్న.

"నీ మీద ఒట్టు."

ఇగ నాకేం గావాలె? గా దినం నుంచి గవి చేపలు గావు, నా మొగడు తిరిగచ్చే తొవ్వ. పొద్దుగాల లేవంగనె దేవుని మొఖం కంటె ముందు తొట్టి మొఖం చూసేదాన్ని. ఒకదాని తోకకు తెల్ల మచ్చ అచ్చిందంటె అన్నం సయించకపోయేది. కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న. అందరు కొడుకుల కోసం మొక్కుతరు, నేను చేపల పేరు మీద ముడుపు కట్టిన. ఆ దేవుడు ఎంత నవ్వుకున్నడో.

నెల దాటినంక నా కన్ను గా బొక్క మీద పడ్డది. పైపు తొట్టిల వంగిన కాడ, నీళ్లకు వేలెడు మీద, సూదంత బొక్క. మోటరు నడుస్తుంటె గండ్ల నుంచి సన్నగ నీళ్లు చిమ్మి అద్దానికి కొడుతుండె, అద్దం మీది నుంచి గోడ మీద పడుతుండె. గోడకు సున్నం ఊడుతుంది. ఔరా, దుబాయి దాక పోయి బొక్క పైపు తెచ్చిండేంది అనుకున్న. ఎవడో అంటగట్టి మోసం చేసిండనుకున్న. నా చేతులు దురదపెట్టినయి.

గా వారమే రాయికల్ ఒకాయన దుబాయి పోతుంటె టేపు నింపినం. నా వంతు అచ్చింది. అందరు ఇంటుండంగ, జర గొప్పగనే చెప్పిన. "చేపలు ఆరుకు ఆరు మంచిగున్నయి. పైపుకు ఒక కాడ బొక్కున్నది, గోడ తడుస్తుంది. నువ్వేం ఫికర్ చెయ్యకు, ట్యూబు పట్టీ చుట్టి నేనే మూస్త." బావ నవ్విండు. "మోటరు మెకానిక్కును చేసుకున్నడు మావోడు" అన్నడు. అననీ తీయి అనుకున్న.

ఇయ్యాల మూస్త, రేపు మూస్త అనుకుంటనే మూడు వారాలు పోయినయి. సైకిలు ట్యూబు దొరకలే. నడుమ సిరిసిల్ల నుంచి అక్క కబురు చేసింది, బిడ్డకు చెవులు కుట్టిస్తున్నరట, తప్పకుండ రావాలెనట. ఒక్క దినమే గద, పొద్దుగాల పోయి తెల్లారి అస్తననుకున్న. ఇల్లు ఇడిసిపోతున్న, గోడంత తడుస్తదని సైకిలు దుకాణం కాడికి ఉరికి ట్యూబు ముక్క అడుక్కచ్చిన. బాపు నేర్పినట్టే కొస పండ్లతోని పట్టి, గుంజి గుంజి ఏడు చుట్లు చుట్టి దారం కట్టిన. చుక్క రాలే. చిమ్ముడు బందైంది, చప్పుడు బందైంది. బాపు ఉంటె చూసి మీసం దువ్వేటోడు. చేపలకు మేత ఏసి, తాళమేసి, బస్సెక్కిన.

సిరిసిల్లల దిగంగనె చెవులల్ల ఇంకేం పడది, అంత సాంచెల చప్పుడే. ఇంటింట్ల బట్ట నేసే సాంచెలు, కరెంటు ఉన్నంతసేపు టకటక టకటక. అక్కోళ్లింట్ల నాలుగుంటుండె. మాట్లాడాలంటె ఒర్రాలె. చెవులు కుట్టుడైంది, పిల్ల ఏడ్చుడైంది, బువ్వలకు కూసున్నం. పగటీలి సూర్యుడు నెత్తి మీదున్నడు. ఒక్కసారే సాంచెలన్ని ఆగినయి. ఊరు ఊరంత చప్పుడు బంద్. చేతిల ముద్ద చేతిల్నే ఉండంగ అందరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. "కరెంటు పోయింది" అన్నడు అక్క మొగడు. "ఇగ ఎప్పుడస్తదో. రేపు బందట సుత."

గా సప్పుడు లేనితనం నాకెంత హాయిగ ఉండెనో చెప్పలేను. ఇంటిముంగట అరుగు మీద కూసుంటె పిట్టల కూత ఇనచ్చింది. కోరుట్లల సుత పోయిందో ఏమో అని ఒక్కసారి మనసుల మెదిలింది. పోతె పోనీ, చేపలు ఒక పూట మోటరు లేకున్నా బతుకుతయి, బొక్క గూడ మూసే అచ్చిన అనుకున్న. అక్క బిడ్డను ఒళ్లె ఏసుకుని తల చూసుకుంట కూసున్న. గా పూటే నా ఇంట్ల ఏమైతుందో నాకు తెల్వదు.

తెల్లారి బంద్. బస్సులు లేవు. ఆ ఎల్లుండి సుత లేవు. ఎల్లంతకుంట దిక్కు ఏదో అయిందని, తొవ్వలల్ల చెట్లు కొట్టి ఏసిండ్రని ఒకలన్నరు, కాదని ఒకలన్నరు. నిజమేందో ఎవలికి తెల్వదు. అడుగుడు సుత మంచిది కాదు. "ఎక్కడికి పోతవే, ఉండు" అన్నది అక్క. నాకు మనసు నిలుస్తలేదు. చేపలకు మేత లేక మూడు దినాలు. నాలుగో దినం బస్సు నడిచింది. ఏములాడ కాడ మారి కోరుట్లల దిగి ఉరుక్కుంట ఇంటికి పోయిన.

తాళం తీసి తలుపు నూకిన. కాలు కింద తడి. ముందల నాకు కనపడ్డది తొట్టి కాదు, గడప కాడ నీళ్లల్ల పడున్న కాయిదం. తలుపు సందుల నుంచి ఎవలో లోపటికి నూకిండ్రు. ఎర్రటి గీతలు, ఇంగిలీసు అచ్చరాలు. టెలిగ్రాం. మా దిక్కు టెలిగ్రాం అంటె సావు ముచ్చటే, ఇంకోటి రాదు. నా పానం గక్కడ్నే పోయింది. తల ఎత్తి చూస్తె తొట్టిల నీళ్లు లేవు. అడుగున రాళ్లు తేలినయి, రాళ్ల మీద ఆరు చేపలు పక్కకు పడి ఉన్నయి, రంగు పాలిపోయి. వాసన కొడుతుంది. గవి చూసి సుత నేను చూడలే. ఆయిన పోయిండు, గందుకే చేపలు పోయినయి అనుకున్న. ఎర్రిదాని తలకాయ గిట్లనే ఆలోచిస్తది.

చెప్పుల్లేకుంట పోస్టాఫీసుకు ఉరికిన. తొవ్వల ఎవలో పిలిచిండ్రు, పలుకలే. గక్కడున్న పెద్దమనిషి చేతిల కాయిదం పెట్టి "సదువు సారూ, సదువు" అన్న. నీళ్లకు అచ్చరాలు పాకినయి. ఆయన అద్దాలు పెట్టుకుని, ఎండకు పట్టి, కూడబలుక్కుని సదివిండు. మల్లోసారి సదివి నా దిక్కు చూసిండు.

"పైపు బొక్క మూయొద్దు. మూస్తె ఎంబడే తెరువు. గిదే ఉన్నదమ్మా. గిదేం టెలిగ్రామమ్మా?"

నేను గక్కడ్నే గోడకు ఆనుకుని కింద కూసున్న. నవ్వచ్చింది, ఏడుపచ్చింది, ఏది ముందచ్చిందో యాదికి లేదు. నా మొగడు బతికున్నడు. ఎన్నడచ్చింది సారూ అని అడిగిన. ముద్ర చూసి చెప్పిండు. నేను సిరిసిల్లకు బస్సెక్కిన దినమే, పగటీలి. ఇంకొక్క పూట ఆగి మూసినా, ఇంకొక్క పూట ఆగి పోయినా నా చేతికి అందేది.

ఇంటికచ్చి, మూతికి కొంగు కట్టుకుని చేపలను తీసిన. పెరట్ల జామచెట్టు కింద పాతిపెట్టిన. గప్పుడు పైపు దిక్కు చూసిన. ఏడు చుట్లు, ఒక్క చుట్టు సుత జారలే. చూస్తుంటె చూస్తుంటె సమజైంది. డ్రమ్ముల ట్యూబు పెట్టి నోటితోని ఒక్కపాలి గుంజి కిందికి ఇడిస్తె డీజిలు దానంతట అదే దిగుతది గద? డ్రమ్ము కాలీ అయ్యేదాక ఆగది గద? గిది అదే. మోటరు నడిచినంతసేపు నీళ్లు మీదికి ఎక్కుతయి. కరెంటు పోతె గదే పైపుల నుంచి వెనక్కు దిగుతయి. కింద టబ్బు నిండి, పొంగి, ఇల్లంత పారుతది, పైపు మూతి తేలేదాక ఆగయి. గా సూది బొక్క ఉంటె, నీళ్లు రెండు వేళ్లు దిగేలోపట్నే గండ్ల నుంచి గాలి గుంజుతది. గాలి గుంజితె దిగుడు తెగుతది. ఆయిన స్విచ్చి బంద్ చేసి చూపిచ్చిన "గంతే" గదే. ఆ గుర్రుమనుడు గాలి లోపటికి పోయిన చప్పుడే. కరెంటు మల్ల అచ్చినంక మోటరు టబ్బుల ఉన్న నీళ్లను గుంజి గుంజి, నీళ్లొడిసి, ఉత్తగ తిరిగి కాలింది. కాలినంక ఎక్కిన నీళ్లు సుత మల్ల కిందికే దిగినయి.

గాలిని లోపటికి రానీయకుంట చూసుడే నేను చిన్నప్పటి సంది నేర్చిన పని. గాలి రావాలని ఎవడన్న బొక్క పెట్టుకుంటడని నాకేం ఎరుక? డీజిలు ముచ్చట నాకు తెల్వదా, తెలుసు. తెలిసి సుత నా చేతులే మూసినయి. మా బాపు మీద సుత కోపమచ్చింది గా దినం. పోయినాయన మీద కోపమేంది అని మల్ల ఏడ్చిన.

ఇగ ఆలోచన మొదలైంది. చేపలు సచ్చినయని టేపుల చెప్పాలె. చెప్తె? అత్త ముంగట, బావ ముంగట చెప్పాలె. బావ ఊకుంటడా? "చూసినావురా తమ్మీ, ఇక్కడ గీ పని నడువది, గక్కడ్నే ఉండు" అంటడు. ఆయిన సుత ఏమనుకుంటడు? మన కరెంటుకు, మన బందులకు చేపలు ఆగవు, ఇగ దుకాణం ముచ్చట లేదు అనుకుంటడు. రాడు. నాకు గదొక్కటే భయం. ఇంక రెండేండ్లు బల్లితోని మాట్లాడుడు నాతోని కాదు. గందుకు చెప్పొద్దనుకున్న.

అవ్వను చూసొస్తనని చెప్పి రాయికల్ దిక్కు మా ఊరికి పోయిన. పొలం కాల్వల దిగి, చీర అడ్డం పెట్టి, వేలెడు వేలెడు పరక చేపలు పట్టిన. స్టీలు డబ్బల నీళ్లు పోసి గండ్ల ఏసుకున్న. అవ్వ చూసి "పులుసుకు చాలయి గదనే" అన్నది. పులుసుకు కాదవ్వా అన్న. ఎంబడి తెచ్చుకున్న కాలిన మోటరుకు జగిత్యాలల కొత్త తీగ చుట్టించిన. మల్ల బస్సెక్కితె తొవ్వల పోలీసులు ఆపి అందరి సంచులు చూసిండ్రు. నా సంచిల మోటరు, వైర్లు. జవాను మొఖం మారింది. "గిదేంది?"

"మోటరు సార్. చేపలకు."

"చేపలకు మోటరెందుకమ్మా, గవాటికి ఈత రాదా?"

బస్సు బస్సంత నవ్వింది. డబ్బ మూత తీసి చూపిచ్చిన. చేపలను చూసినంక ఆయన సుత నవ్విండు, పో అన్నడు. నేను డబ్బ మూత గట్టిగ ఒత్తి ఒళ్లె పెట్టుకున్న.

బొక్క తెరిచిన. ట్యూబు పట్టీ కోసి పారేసిన. పరకలు తొట్టిల తిరుగవట్టినయి. కరెంటు పోతె నీళ్లు రెండు వేళ్లు దిగి, గుర్రుమని ఆగేటియి. గా చప్పుడు ఇంటె పానం సల్లవడేది. ఒకనాడు అత్త అచ్చి వంగి చూసింది. "గివి గిట్ల తెల్లగైనయేందే?"

"రంగు పోయింది అత్తా."

"నేనప్పుడే అనుకున్న. బట్ట మీది రంగే నిలువది, చేప మీద నిలుస్తదా" అని తల ఊపుకుంట పోయింది.

టేపు నింపే దినమచ్చింది. చాప మీద అందరు కూసుండిరి. నా వంతుల చెప్పిన. "టెలిగ్రాం అందింది. బొక్క తెరిచే ఉన్నది. తొట్టిల చేపలు మంచిగ తిరుగుతున్నయి. ఇగ నువ్వు రా." గండ్ల అబద్ధం ఒక్కటి లేదు, నిజం సుత ఒక్కటి లేదు. "ఇగ నువ్వు రా" అన్నందుకు యారాలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వితె నవ్వనీ అనుకున్న. నా మాట ఆయినకు చేరితె చాలు.

జవాబు టేపు రెండు నెల్లకచ్చింది. మల్ల అందరం కూసున్నం. అమ్మను అడిగిండు, అన్నను అడిగిండు, వానలను అడిగిండు. ఇగ నా ముచ్చట. "చేపలు మంచిగున్నయన్నవు, నాకు మస్తు సంతోషమైంది. నేను లేకున్నా నువ్వు అంత మంచిగ చూసుకుంటున్నవు. నాకు ఇగ ఏం ఫికర్ లేదు. గందుకే వీసా ఇంకో రెండేండ్లు కొత్తది చేయించుకున్న. చేతిల ఇంకింత ఉంటె దుకాణం పెద్దగనే పెట్టచ్చు. జర పెయ్యి పైలం."

"మంచి పని చేసిండు" అన్నడు బావ. అందరు లేచి పోయినంక నేను టేపు వెనక్కు తిప్పి, గా ముక్కే మల్ల మల్ల ఇన్న. నాకు ఇగ ఏం ఫికర్ లేదు. నాకు ఇగ ఏం ఫికర్ లేదు. ఎంత మంచిగ చెప్పిండో. గొంతుల నవ్వు సుత ఉన్నది. చేపలను బతికిచ్చి చూపిస్తె అస్తడనుకుంటి. బతికిచ్చి చూపిచ్చినందుకే ఆగిండు.

మల్ల టేపుల నిజం చెప్దమని మస్తుపాలి అనుకున్న. చాప మీద గంత మంది కూసుంటె ఎట్ల చెప్పాలె? "గట్లనే, నువ్వు సుత పైలం" అన్న. నాతోని గంతే అయింది.

వానలు పడ్డంక పరకలను డబ్బల ఏసుకుని పోయి మా పొలం కాల్వల్నే ఇడిసిన. ఎవలికి చూపిచ్చేటందుకు సాదాలె? మోటరు గుడ్డల చుట్టి అటుక మీద పెట్టిన. తొట్టి కడిగి ఎండబెట్టి గండ్ల బియ్యం పోసుకున్న. పురుగు పట్టదు, ఎలుక చొరదు, అద్దం నుంచి ఎన్నున్నయో కనపడుతయి. ఒక్కదానికి మస్తు దినాలు అచ్చేటియి.

రెండేండ్లంటె మల్ల ఇంకింత ఎక్కువే అయింది. ఆయిన అచ్చిండు. చెవుల కాడ ఎంటికలు తెల్లగైనయి. వాడంత అచ్చి చూసిపోయినంక, తలుపు దగ్గరికేసినంక, ఇంట్ల అటిటు చూసి తొట్టి కాడ నిలవడ్డడు.

"ఎర్ర చేపలేవే?"

"నువ్వు టెలిగ్రాం కొట్టిన దినమే పోయినయి. ఆరుకు ఆరు."

"టేపుల మంచిగున్నయంటివి?"

"గవి కాల్వ చేపలు. సచ్చినయని చెప్తె నువ్వు ఇగ రావనుకున్న."

ఆయిన తొట్టిల బియ్యాన్ని చూసిండు. అద్దం మీద చెయ్యి పెట్టి, "ఇచ్చంత్రం దానివి" అన్నడు.  "నువ్వు మంచిగున్నవు, ఇల్లు మంచిగ నడుస్తుంది, ఇక్కడ నా అక్కెర ఏమున్నదని గక్కడ్నే ఉంటి. సచ్చినయంటె, ఒక్కదానివి ఏగలేకపోతున్నవని గా వారంలనే అస్తుంటిని గదనే."

నేను గిలాసతోని బియ్యం ముంచుకుంటున్న. ఒక్క గిలాస ముంచే అలవాటు. రెండోది ముంచబోతె చెయ్యి ఆడలే. గక్కడ్నే తొట్టి అంచు పట్టుకుని, ఎవలు ఇంటరన్నది సుత లేకుంట, పెండ్లైన్నాటి సంది ఏడ్వనిదంత ఏడ్చిన. ఆయిన నా ఈపు మీద చెయ్యేసిండు. 

ఆయిన అంగీ జేబుల అప్పటికే వాపసు పోయే టికెటు ఉన్నది. గా పాలి సుత రెండు నెల్లే ఉన్నడు.